ధ్రువ సముద్రాల్లో ప్లవకాల బ్లూమ్‌ను అధ్యయనం చేయాలంటే: శాటిలైటా, ఓడా, ఫ్లోటా?

2011 జులైలో అమెరికా కోస్ట్ గార్డ్‌కు చెందిన హీలీ అనే ఓడ అలాస్కాకు వాయవ్యాన ఉన్న చుక్చీ సముద్రంలో మంచును చీల్చుకుంటూ లోపలికి వెళ్లింది. అక్కడ మంచు మందం సుమారు ఒక మీటరు. అంత మంచు కింద వెలుతురు చాలదు కాబట్టి వృక్ష ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ వెలుతురుతో బతికే సూక్ష్మజీవులు (ఫైటోప్లాంక్టన్), పెద్దగా ఉండవని అప్పటిదాకా చాలామంది లెక్క. తీరా చూస్తే మంచు అంచు నుంచి వంద కిలోమీటర్లకు పైగా లోపలి వరకూ నీళ్లు ప్లవకాలతో చిక్కబడి ఉన్నాయి. మంచు మీద ఏర్పడిన కరుగునీటి మడుగులు వెలుతురును కిందికి దించాయి. ప్లవకాలు ఇలా ఒక్కసారిగా విపరీతంగా పెరగడాన్నే బ్లూమ్ అంటారు. అంత పెద్ద బ్లూమ్ ఏ శాటిలైట్ చిత్రంలోనూ లేదు, ఉండే వీలూ లేదు. పైనుంచి చూసే కెమెరాకు కనిపించేది మంచే కదా.

ఈ రంగంలో పని మొదలుపెట్టే వాళ్లందరూ ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. ధ్రువ సముద్రాల్లో ఏ పరికరమూ బ్లూమ్ మొత్తాన్ని చూపించదు. ఒక్కోటి ఒక్కో ముక్క చూపించి మిగతాది వదిలేస్తుంది. కాబట్టి ఎంచుకునేటప్పుడు "నా ప్రశ్నకు ఏ ముక్క కనబడకపోయినా ఫర్వాలేదు?" అని అడగండి. దానికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

థీసిస్ విషయం వెతుక్కుంటున్న విద్యార్థులు, ఓడ మీద చోటు దొరికినా ఏం కొలవాలో తేల్చుకోలేకపోతున్న వాళ్లు, నిధుల కోసం ప్రాజెక్టు రాయబోతున్న బృందాలు, వీళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

## ముందు తేల్చుకోవలసినవి

బ్లూమ్ గురించి ఎవరు ఏం అడిగినా ఆ ప్రశ్న నాలుగు మాటల్లో ఒకదాని కిందికి వస్తుంది: ఎప్పుడు, ఎంత, ఏ జాతి, ఎందుకు. "ఎప్పుడు" అన్నదానికి తెగిపోకుండా వచ్చే కొలతలు కావాలి. అవి కొంచెం ముతకగా ఉన్నా నడుస్తుంది. "ఎంత" అన్నదానికి క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన ప్రమాణంతో సరిచూడడం, సరిగ్గా ఉన్న కొలతలు కావాలి. "ఏ జాతి" అంటే నీళ్లు చేతికి రావాల్సిందే, మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. "ఎందుకు" అన్నది అన్నిటికన్నా కష్టం. వెలుతురు, పోషకాలు, నీటి కలయిక, మేసే జీవులు, ఈ నాలుగూ ఒకేచోట ఒకే సమయంలో తెలియాలి.

"ఎంత" దగ్గర ఒక చిక్కుంది. క్లోరోఫిల్ పెరిగింది కాబట్టి ప్లవకాలు పెరిగాయని వెంటనే రాసేయకండి. వెలుతురు తగ్గితే ప్రతి కణమూ తనలో క్లోరోఫిల్‌ను పెంచుకుంటుంది. మంచు కింద, చలికాలం చివర్లో ఇది బాగా కనిపిస్తుంది. కణాల సంఖ్య మారకపోయినా క్లోరోఫిల్ అంకె మారిపోతుంది. కాబట్టి కార్బన్ గురించి మాట్లాడదలుచుకుంటే క్లోరోఫిల్ ఒక్కటే చాలదు. కాంతిని వెనక్కి చెదరగొట్టే కణాల కొలతో, నేరుగా కార్బన్ విశ్లేషణో తోడుండాలి.

"ఎప్పుడు" అన్నది తేలికగా కనిపిస్తుంది కానీ అసలు తగాదా అక్కడే ఉంది. పైపొర పలచబడి ప్లవకాలకు వెలుతురు చాలినంత దొరికినప్పుడు బ్లూమ్ మొదలవుతుందని 1953లో సముద్ర శాస్త్రవేత్త స్వెర్‌డ్రప్ చెప్పాడు. 2010లో బెహ్రెన్‌ఫెల్డ్ అనే మరో శాస్త్రవేత్త ఉత్తర అట్లాంటిక్ డేటా చూపించి వేరే మాట చెప్పాడు. నడి చలికాలంలో నీరు లోతుగా కలుస్తున్నప్పుడే మేసే జీవులూ ప్లవకాలూ పలచబడి ఒకదానికొకటి ఎదురుపడటం తగ్గుతుంది, పెరుగుదల నష్టాన్ని మించడం అప్పుడే మొదలవుతుందని ఆయన వాదన. మొదటి మాట నమ్మితే వసంతంలో కొలిస్తే చాలు. రెండోది పరీక్షించాలంటే చీకటి నెలల డేటా లేకుండా కుదరదు. మీ పరికరం ఎంపిక ఏ సిద్ధాంతాన్ని పరీక్షించగలరో కూడా నిర్ణయిస్తుందన్నమాట.

ఇక మిగిలినవి: మంచు కిందికి వెళ్లాలా, ఎంత లోతు కావాలి, ఒక సీజన్ చాలా లేక దశాబ్దాలు కావాలా, వచ్చిన అంకెను దేనితో సరిచూస్తారు. చివరిది చాలామంది ఆలస్యంగా ఆలోచిస్తారు. నా దృష్టిలో అది మొదటే తేలాలి.

## శాటిలైట్: విశాలంగా, పైపైన

సముద్రపు రంగును బట్టి క్లోరోఫిల్ లెక్కగట్టే శాటిలైట్ డేటా 1997లో సీవిఫ్స్ అనే సెన్సర్‌తో మొదలై, 2002 నుంచి మోడిస్-ఆక్వా, 2016 నుంచి సెంటినెల్-3 మీదుగా తెగకుండా వస్తోంది. 2024 ఫిబ్రవరిలో వెళ్లిన పేస్ అనే శాటిలైట్ వందకు పైగా రంగుపట్టీల్లో చూస్తుంది కాబట్టి ప్లవకాల గుంపులను విడదీయడానికి కొత్త ఆశ కలిగింది. డేటా అంతా ఉచితం. వేర్వేరు శాటిలైట్లను కలిపి కుట్టిన వరుసలు కూడా సిద్ధంగా దొరుకుతాయి. దశాబ్దాల మార్పు చూడాలంటే దీనికి సాటి లేదు. ఆర్కిటిక్ మహాసముద్రంలో ప్లవకాల ఉత్పత్తి 1998 నుంచి 2018 మధ్య 57 శాతం పెరిగిందన్న అంచనా ఈ డేటా నుంచే వచ్చింది.

ఇప్పుడు అటువైపు చూద్దాం. సూర్యుడు నడినెత్తి నుంచి సుమారు 70 డిగ్రీలకు మించి వాలితే కొలతలు నమ్మదగినవి కావు, కాబట్టి చలికాలం మొత్తం ఖాళీ. వేసవిలో మబ్బులు. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం ప్రపంచంలోనే అతి మబ్బుగా ఉండే ప్రాంతాల్లో ఒకటి. మంచు పక్కనే ఉన్న పిక్సెల్‌లోకి మంచు వెలుతురు చిమ్మి అంకెను పాడుచేస్తుంది. పైగా శాటిలైట్ చూసేది పై కొద్ది మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల వరకే. ఆర్కిటిక్‌లో వేసవికి పైపొరలో నైట్రేట్ అనే పోషకం అయిపోయాక ప్లవకాలు కిందికి దిగి 20 నుంచి 40 మీటర్ల లోతున పట్టీలా గుమిగూడడం మామూలు. పైనుంచి చూస్తే బ్లూమ్ అయిపోయినట్టే ఉంటుంది.

రెండు ధ్రువాల్లో తప్పు ఒకే వైపుకు పోదు. ఆర్కిటిక్‌లోకి లేనా, ఓబ్, యెనిసేయ్, మెకెంజీ నదులు కరిగిన సేంద్రియ పదార్థాన్ని తెస్తాయి. ఆ టీ రంగు నీటిని, రంగు నుంచి క్లోరోఫిల్ లెక్కగట్టే మామూలు సూత్రాలు క్లోరోఫిల్ అనుకుని ఎక్కువ చేసి చూపిస్తాయి. దక్షిణాన తక్కువ చేసి, చాలాచోట్ల సగం కంటే తక్కువ చేసి చూపిస్తాయని ఓడ నమూనాలతో పోల్చిన అధ్యయనాలు అన్నాయి. తర్వాత ఫ్లోట్‌లతో పోల్చి చూసినప్పుడు అంత తేడా లేదన్న ఫలితమూ వచ్చింది. ఈ వివాదం ముగిసిందని నేను అనుకోవడం లేదు. కాబట్టి దక్షిణ మహాసముద్రం మీద పనిచేసేవాళ్లు ఏ సూత్రం వాడారో, ఎందుకు వాడారో తప్పక రాయాలి. వీలైతే రెండు సూత్రాలతో లెక్క చేసి తీర్మానం మారుతుందేమో చూడాలి.

బ్లూమ్ మొదలైన తేదీ వెతికేవాళ్లకు ఒక హెచ్చరిక. క్లోరోఫిల్ సంవత్సరపు మధ్యస్థ విలువ కంటే 5 శాతం పైకి వెళ్లిన రోజును ఆరంభంగా తీసుకోవడం ఎక్కువమంది వాడే పద్ధతి. మధ్య అక్షాంశాల్లో ఇది బాగానే పనిచేస్తుంది. ధ్రువాల్లో చలికాలం డేటానే ఉండదు కాబట్టి ఆ మధ్యస్థం వేసవి మధ్యస్థమే అయిపోతుంది, తేదీ ముందుకో వెనక్కో జరిగిపోతుంది. మంచు విడిన రోజునే బ్లూమ్ మొదలైన రోజుగా తీసుకునే పొరపాటు కూడా ఇక్కడే దొర్లుతుంది.

రంగు శాటిలైట్‌కు తోడుగా లిడార్, అంటే లేజర్ పంపి తిరిగొచ్చే వెలుతురును కొలిచే పరికరం, ఉంది. 2006 నుంచి 2023 వరకూ పనిచేసిన కాలిప్సో శాటిలైట్ తన సొంత లేజర్ వెలుతురుతో చూసింది కాబట్టి చీకటి నెలల్లో కూడా కొలతలు ఇచ్చింది. ధ్రువ ప్లవకాల ఏడాది పొడవు హెచ్చుతగ్గులను ఆ డేటాతోనే మొదటిసారి తెగకుండా చూడగలిగారు. దాని దారి మాత్రం సన్నని గీత. నీటిలో నిలువుగా 20 మీటర్లకు పైగా ఉన్న పొరను ఒకే ముద్దగా చూసింది. చీకటి కాలమే మీ ప్రశ్న అయితే తప్ప దీనితో మొదలుపెట్టమని చెప్పను.

## ఓడ: తక్కువ రోజులు, ఎక్కువ జవాబులు

"ఏ జాతి", "ఎందుకు" అన్న ప్రశ్నలకు ఓడను మించింది లేదు. సీసాల చట్రాన్ని కావలసిన లోతుకు దించి నీళ్లు తెచ్చుకుంటారు. వాటిని వడగట్టి క్లోరోఫిల్ తీస్తారు, వర్ణకాలను (కణాల్లోని రంగు పదార్థాలను) విడదీసి ఏ గుంపు ఎంతుందో చూస్తారు, మైక్రోస్కోపు కింద జాతులను గుర్తిస్తారు, రేడియో కార్బన్ కలిపి ఉత్పత్తి వేగం కొలుస్తారు. ఈ చివరి పద్ధతిని 1952లో స్టీమన్ నీల్సన్ ప్రవేశపెట్టాడు, ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఓడ విలువ తెలియాలంటే రెండు ఇనుము ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి. దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్ పుష్కలం, కొరత ఇనుముకే. 2004లో ఐఫెక్స్ ప్రయోగంలో పోలార్‌స్టెర్న్ ఓడ నుంచి ఒక సుడి మధ్యలో ఇనుము కలిపారు. సిలికా పెంకు ఉండే డయాటమ్‌లు అనే ప్లవకాలు విజృంభించాయి. ఆ బ్లూమ్‌లో కనీసం సగం వెయ్యి మీటర్ల కిందికి మునిగిపోయిందని తర్వాత లెక్క తేలింది. 2009లో భారత్, జర్మనీ కలిసి అదే ఓడ మీద లోహాఫెక్స్ చేశాయి. మళ్లీ ఇనుము కలిపారు, మళ్లీ ప్లవకాలు పెరిగాయి. అయితే అక్కడి నీటిలో సిలికేట్ తక్కువ, డయాటమ్‌లు పెంకు కట్టుకోలేవు. పెరిగిన చిన్న ప్లవకాలను జంతు ప్లవకాలు మేసేశాయి, కిందికి దిగిన కార్బన్ చాలా తక్కువ. శాటిలైట్ చిత్రంలో రెండూ పచ్చటి మచ్చలే. తేడా ఎందుకు వచ్చిందో చెప్పింది సీసాలోని నీళ్లు, వలలోని కోపిపాడ్‌లు అనే జంతు ప్లవకాలు.

ఓడకు ఉన్న అసలు బలహీనత కాలం. చాలా ఓడలు మంచు విడిచాకే వెళ్తాయి, అప్పటికి బ్లూమ్ మొదలైపోయి ఉంటుంది. కొన్ని వారాలు మాత్రమే ఉంటాయి. పైగా ఓడ కదులుతుంటుంది, కాబట్టి సోమవారం కంటే గురువారం క్లోరోఫిల్ ఎక్కువ వస్తే బ్లూమ్ పెరిగిందో, చిక్కటి చోటికి ఓడే వెళ్లిందో తేల్చడం కష్టం. మంచులో ఇరుక్కుని మంచుతోపాటే కొట్టుకుపోయే యాత్రలు దీనికి కొంత పరిష్కారం. 2015లో లాన్స్ ఓడతో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన జరిగిన యాత్రలో, మంచు మీద హిమం దట్టంగా ఉన్నా పగుళ్ల గుండా దిగిన వెలుతురుతో, గుంపులుగా పెరిగే ఫియోసిస్టిస్ అనే ప్లవకం బ్లూమ్ ఏర్పడిందని చూశారు. 2019 సెప్టెంబర్ నుంచి 2020 అక్టోబర్ వరకూ సాగిన మొజాయిక్ యాత్ర ఏడాది చక్రం మొత్తాన్ని కవర్ చేసింది. అలాంటి యాత్రలు తరానికి ఒకటి రెండే వస్తాయి.

ఇనుము కొలవాలనుకునే వాళ్లు ఒకటి గమనించండి. ఓడే ఇనుము. తీగ, సీసా, గాలిలో తుప్పు, అన్నీ నమూనాను పాడుచేస్తాయి. లోహం అంటని ప్రత్యేక సీసాలు, సింథటిక్ తాడు, శుభ్రమైన గది లేకపోతే ఆ కొలత మొదలుపెట్టకపోవడమే మంచిది. ఫియోసిస్టిస్ మీద పనిచేసేవాళ్లు నమూనాను సజీవంగా ఉన్నప్పుడే ఓడ మీద చూడాలి. నిల్వ ద్రావణంలో దాని గుంపులు చెదిరిపోతాయి, తర్వాత ల్యాబ్‌లో లెక్కపెడితే వేరే చిత్రం కనిపిస్తుంది.

## తీర స్టేషన్

అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర పామర్ స్టేషన్‌లో 1990 నుంచి, రొథేరాలో 1997 నుంచి క్రమంగా కొలుస్తున్నారు. చిన్న పడవలో అదే చోటికి వెళ్లడం, చలికాలంలో మంచుకు రంధ్రం చేసి అదే లోతు నుంచి నీళ్లు తీయడం. హంగు లేని పని, విలువ మాత్రం అపారం. జాతుల వివరంతో సహా దశాబ్దాల వరుస ఇచ్చేది ఇదొక్కటే. కరుగునీరు ఎక్కువైన కాలాల్లో పెద్ద డయాటమ్‌ల స్థానంలోకి క్రిప్టోఫైట్‌లు అనే చిన్న కణాల ప్లవకాలు వస్తాయన్న సంగతి ఇలాంటి పని నుంచే బయటపడింది. రొయ్యల్లాంటి క్రిల్ అనే జీవి, అంత చిన్న కణాలను సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి ఆ మార్పు పైనున్న ఆహార గొలుసంతటికీ తగులుతుంది.

ఒక అఖాతంలో జరిగేది బయటి సముద్రంలో జరగాలని లేదు. హిమానీనదం కరుగునీరు, తీరం, గాలి మరుగు, ఇవన్నీ స్థానికం. ఇలాంటి చోట పనిచేసే అవకాశం వస్తే కొత్త కొలతలు చేర్చాలన్న ఉత్సాహంలో పాత పద్ధతిని మార్చకండి. ఫిల్టర్ రకం మారినా, లోతు మారినా అప్పటిదాకా వచ్చిన వరుస విలువ పడిపోతుంది.

## ఫ్లోట్: చలికాలంలో కూడా మేలుకునే పరికరం

ఈ రంగాన్ని గత పదేళ్లలో బాగా మార్చింది బయోజియోకెమికల్ ఆర్గో ఫ్లోట్ అని నా నమ్మకం. ఇది వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో కొట్టుకుపోతూ ఉంటుంది. సాధారణంగా పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ ఆక్సిజన్, నైట్రేట్, ఆమ్లత, క్లోరోఫిల్ కాంతి, చెదిరే కాంతి కొలిచి, శాటిలైట్ ద్వారా పంపిస్తుంది. దక్షిణ మహాసముద్రంలో సాకమ్ ప్రాజెక్టు 2014 నుంచి వీటిని పెద్దఎత్తున వదిలింది. పైకి వస్తున్నప్పుడు నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే పైన మంచు ఉందని లెక్కగట్టి ఫ్లోట్ వెనక్కి దిగిపోతుంది. కొలతలు దాచుకుని, నీళ్లు తెరుచుకున్నాక అన్నీ ఒకేసారి పంపుతుంది.

దీని ఫలం చూడండి. గ్రీన్‌లాండ్, కెనడాల మధ్య ఉన్న బాఫిన్ అఖాతంలో ఫ్లోట్‌లు మంచు కింద గడిపిన చలికాలాల డేటా విప్పితే, ఫిబ్రవరిలోనే, వెలుతురు దాదాపు లేనట్టే ఉన్నప్పుడు, ప్లవకాలు పెరగడం మొదలైందని తేలింది. 2020లో వచ్చిన ఈ ఫలితం ఓడకు గానీ రంగు శాటిలైట్‌కు గానీ సాధ్యపడేది కాదు.

లోపాలూ ఉన్నాయి, అవి చిన్నవి కావు. సెన్సర్ కొలిచేది క్లోరోఫిల్‌ను కాదు, అది వెదజల్లే కాంతిని. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ అంకె సగటున రెండింతలు ఎక్కువ చూపిస్తుంది, ఇనుము కొరత ఉన్న దక్షిణ జలాల్లో ఇంకా ఎక్కువ. పగటి ఎండలో పైపొర కణాలు ఆ కాంతిని అణచుకుంటాయి, కాబట్టి మధ్యాహ్నపు ప్రొఫైల్‌లో, అంటే లోతు వారీ కొలతల్లో, ఉపరితలం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది సరిచేయని డేటాతో "లోతున గరిష్ఠం ఉంది" అని రాస్తే అది ఉత్త భ్రమ కావచ్చు. మంచు కింద ఫ్లోట్ ఎక్కడుందో కూడా కచ్చితంగా తెలియదు, ముందువెనక స్థానాల మధ్య ఊహించాల్సిందే. లోతులేని చోట ఇది పనికిరాదు. ఆర్కిటిక్‌లో దాదాపు సగం అలాంటి లోతు తక్కువైన తీరపు మెట్టే (కాంటినెంటల్ షెల్ఫ్).

ఆ మెట్ట మీద, మంచు అంచున, ప్రవాహాల సరిహద్దుల్లో గ్లైడర్ అనే ఈదే రోబో మంచిది. రోజుకు 20 కిలోమీటర్ల పైచిలుకు మెల్లగా ఈదుతూ, కావలసిన గీత మీద కొన్ని వారాల నుంచి కొన్ని నెలల పాటు పైకీ కిందికీ తిరుగుతుంది. దారి మీరు నిర్ణయించవచ్చు, ఫ్లోట్‌తో అది కుదరదు. మంచు కమ్మేస్తే పోగొట్టుకునే టెన్షన్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

## మూరింగ్, అవక్షేప ఉచ్చు

అడుగున బరువు, పైన తేలే గోళాలు, మధ్య తాడుకు పరికరాలు. ఒకే చోట ఏడాదంతా గంటగంటకూ కొలవాలంటే మూరింగే గతి. గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధిలో జర్మనీ ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ 1999 నుంచి నడుపుతున్న హౌస్‌గార్టెన్ పరిశీలనా కేంద్రం దీనికి మంచి ఉదాహరణ. తాడుకు వేలాడే అవక్షేప ఉచ్చు వారానికో పక్షానికో ఒక కప్పు మార్చుకుంటూ కిందికి రాలిపడేదాన్ని పట్టుకుంటుంది. బ్లూమ్ ఎంత పెరిగిందన్నది చాలామంది చెబుతారు, అందులో ఎంత మునిగిందన్నది చెప్పేది ఉచ్చే.

అయితే ఒక విచిత్రమైన లోటు ఉంది. మంచు దిబ్బల అడుగుభాగం, మంచుకొండలు తగిలి తెగిపోకుండా మూరింగ్ పైభాగాన్ని చాలాచోట్ల పదుల మీటర్ల కిందే ఉంచుతారు. బ్లూమ్ ఎక్కువగా ఉండే పైపొరే కొలతకు అందదు. డేటా కూడా ఏడాది తర్వాత ఓడ వెళ్లి తెచ్చేదాకా చేతికి రాదు. అది దొరకకపోతే ఏడాది పనంతా పోయినట్టే. కాబట్టి థీసిస్ మొత్తాన్ని ఒక్క మూరింగ్ మీద పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

## మిగిలిన రెండు

ఏనుగు సీల్‌ల తలకు అంటించే చిన్న పరికరాలు ఉప్పదనం, ఉష్ణోగ్రత, కొన్నిసార్లు క్లోరోఫిల్ కాంతి కూడా కొలుస్తాయి. దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గూలెన్ దీవుల సీల్‌లు చలికాలపు మంచులోకి వెళ్లి, ఓడలు పోలేని చోట్ల నుంచి డేటా తెచ్చాయి. సీల్ తన మేత కోసం తిరుగుతుంది కాబట్టి కొలతలు దానికి నచ్చిన చోటే ఉంటాయి. జంతు సంరక్షణ అనుమతులు తప్పనిసరి. కొత్తగా పరికరాలు పెట్టడం కంటే ఉన్న డేటా వాడుకోవడం చాలామందికి సరిపోతుంది.

కంప్యూటర్ మోడల్ "ఇనుము రెట్టింపైతే?", "మంచు నెల ముందే విడిస్తే?" లాంటి ప్రశ్నలకు పనికొస్తుంది. బ్లూమ్ జరిగిందనడానికి మోడల్‌ను సాక్ష్యంగా చూపకూడదు. మేసే జీవుల వేగాన్ని మోడల్‌లో పెట్టే అంకె మీద ఫలితం ఎంతో ఆధారపడుతుంది.

## ఒకచోట చూస్తే

| మార్గం | మంచు కింద | చీకటి నెలల్లో | లోతు | జాతులు | పెద్ద లోటు |
|---|---|---|---|---|---|
| రంగు శాటిలైట్ | లేదు | లేదు | పైపొర | గుంపుల వరకు, అంచనాగా | మబ్బు, సూత్రాల తప్పు |
| లిడార్ | లేదు | అవును | పైపొర | లేదు | సన్నని దారి |
| ఓడ | మంచు ఓడైతే అవును | అరుదుగా | పూర్తి | పూర్తిగా | కొన్ని వారాలే |
| తీర స్టేషన్ | రంధ్రం ద్వారా | అవును | స్థానికంగా | పూర్తిగా | ఒకే చోటు |
| ఫ్లోట్ | అవును | అవును | 2,000 మీ. వరకు | లేదు | క్యాలిబ్రేషన్, లోతులేని జలాలు |
| గ్లైడర్ | కష్టం | కొంత | 1,000 మీ. వరకు | లేదు | పోయే ప్రమాదం |
| మూరింగ్, ఉచ్చు | అవును | అవును | పైపొర తప్ప | ఉచ్చులో కొంత | డేటా ఆలస్యం |

## ఉత్తరమా, దక్షిణమా

ఒకే పరికరం రెండు ధ్రువాల్లో ఒకేలా పనికిరాదు. ఆర్కిటిక్‌లో మంచినీరు పైన తేలి పొరలు బిగుసుకుంటాయి, నైట్రేట్ అయిపోవడంతో బ్లూమ్ ఆగుతుంది. కాబట్టి అక్కడ లోతు వారీ నైట్రేట్ లేని అధ్యయనం సగమే. ఇటీవలి దశాబ్దాల్లో మంచు ఆలస్యంగా గడ్డకట్టడం వల్ల గాలులు నీటిని కలిపి శరదృతువులో రెండో బ్లూమ్ తెస్తున్నాయి. సూర్యుడు వాలిపోయే ఆ సమయంలో శాటిలైట్ తడబడుతుంది, ఫ్లోట్‌కో మూరింగ్‌కో బలం. మంచుకు అంటుకుని పెరిగే శైవలాన్ని (ఆల్గేను) కూడా మరవకూడదు. 2012లో పోలార్‌స్టెర్న్ బృందం నాలుగు వేల మీటర్ల లోతున సముద్రపు అడుగు మీద మెలోసిరా ఆర్కిటికా అనే అలాంటి శైవలం ముద్దలు చూసింది. నీటిలో తేలే ప్లవకాలను మాత్రమే కొలిచి ఉంటే ఆ కార్బన్ ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు.

దక్షిణాన నైట్రేట్ ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అక్కడ ఫ్లోట్ నైట్రేట్ సెన్సర్ వేరే పనికొస్తుంది: సీజన్‌లో ఎంత తగ్గిందో చూసి నికర ఉత్పత్తి లెక్కగట్టవచ్చు. బ్లూమ్‌ను అదుపు చేసేది ఇనుము, దాన్ని ఏ ఫ్లోటూ కొలవలేదు. కాబట్టి దక్షిణంలో "ఎందుకు" అన్నది ఓడ ప్రశ్నగానే మిగులుతుంది. అనుమతులూ వేరు. అంటార్కిటిక్ ఒప్పందపు పర్యావరణ ప్రోటోకాల్ 1998 నుంచి అమల్లో ఉంది, ఏ పనికైనా ముందస్తు ప్రభావ అంచనా కావాలి. ఆర్కిటిక్‌లో చాలా జలాలు తీర దేశాల ఆర్థిక మండలాల్లో ఉన్నాయి, ఆ దేశం సమ్మతి లేకుండా కొలవలేరు.

## ఎవరికి ఏది

ఓడ, నిధులు ఏవీ లేని విద్యార్థికి నా సలహా: శాటిలైట్ వరుసకు ఫ్లోట్ డేటా జతచేసి చిన్న ప్రాంతం తీసుకోండి. అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రపు పాలినియా (మంచు మధ్య తెరుచుకుని ఉండే నీళ్లు) గానీ, సహజంగానే ఇనుము అందే కెర్గూలెన్ పరిసరాలు గానీ మంచివి. వాటి మీద ఓడ కొలతలు కూడా బోలెడు అందుబాటులో ఉన్నాయి. "వాతావరణ మార్పు వల్ల బ్లూమ్ తగ్గుతోందా" లాంటి ప్రశ్న ఎత్తుకోకండి. క్లోరోఫిల్‌లో ఆ జాడను సహజ హెచ్చుతగ్గుల నుంచి విడదీయడానికి సుమారు 40 ఏళ్ల వరుస కావాలని 2010లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. తెగని శాటిలైట్ వరుస ఇంకా అంత పొడవు లేదు. ఏడాదికీ ఏడాదికీ మధ్య తేడా ఎందుకొచ్చిందన్నది అంతకంటే చిన్న ప్రశ్న, జవాబు దొరికే ప్రశ్న.

ఓడ మీద చోటు దొరికినవాళ్లు ఓడ మాత్రమే చేయగల పని చేయండి. సెన్సర్ ప్రొఫైల్‌లు ఫ్లోట్‌లు కూడా తీస్తాయి. నీళ్లు వడగట్టి వర్ణకాలు, మైక్రోస్కోపు నమూనాలు, మేత వేగం, ఇవి మీ చేతుల్లోనే ఉన్నాయి. స్టేషన్‌ల సంఖ్య తగ్గించి ఒక్కో చోట ఎక్కువ లోతుల నుంచి తీసుకోవడం నాకు నచ్చుతుంది, ముఖ్యంగా ఆర్కిటిక్ వేసవిలో.

నిధులున్న బృందమైతే ఒక పెద్ద యాత్రలో మొత్తం ఖర్చు పెట్టేకంటే, చిన్న యాత్రలో ఫ్లోట్‌లు వదిలి, వదిలిన చోటే నీటి నమూనాలు తీసి, తర్వాత రెండు మూడేళ్లు అవి పంపేది చూడడం మేలు. కార్బన్ మునగడమే ప్రశ్నైతే మాత్రం ఉచ్చు ఉన్న మూరింగ్ కచ్చితంగా ఉండాలి, దాన్ని తిరిగి తేవడానికి రెండో యాత్ర కూడా బడ్జెట్‌లోనే ఉండాలి.

ఏ దారి పట్టినా సరిచూసుకునే ఏర్పాటు బయల్దేరే ముందే చేసుకోండి. శాటిలైట్‌తో పోల్చాలంటే నమూనా తీసిన సమయం శాటిలైట్ దాటిపోయిన సమయానికి మూడు గంటలు అటూ ఇటూ లోపు ఉండాలన్నది ఎక్కువమంది పాటించే నియమం. దాటే వేళల పట్టిక ముందే తీసిపెట్టుకుని, ఆకాశం తేటపడ్డ రోజున స్టేషన్ సమయం మార్చమని ప్రధాన శాస్త్రవేత్తను అడగండి. ఫ్లోట్ వదిలేటప్పుడు మొదటి ప్రొఫైల్‌తో పోల్చడానికి అదే చోట, అదే రోజు వర్ణకాల నమూనాలు తీయండి. ఫిల్టర్లను ద్రవ నైట్రోజన్‌లోనో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనో పెట్టి, ల్యాబ్‌కు చేరేదాకా ఆ చల్లదనం తెగకుండా చూడండి.